నక్షత్రం గారికి, పావు తక్కువ నమస్కారాలు

మహారాజశ్రీ రేటింగు నక్షత్రం గారికి,

ముప్పై నాలుగేళ్లు బ్యాంకు కౌంటరు వెనక నోట్లు లెక్కపెట్టి, ఇప్పుడు సోఫాలో కూర్చుని సినిమాలు లెక్కపెడుతున్న ఒక విశ్రాంత క్యాషియరు వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ క్షేమం నేను వేరే అడగనక్కర్లేదు. హోటలు ఇడ్లీ దగ్గర మీరే, కొరియరు కుర్రాడి దగ్గర మీరే, పళ్ల డాక్టరు దగ్గర మీరే. అంత తపస్సు చేసిన ధ్రువుడికి ఆకాశంలో ఒక్క చోటే దొరికింది, మీరు మాత్రం ఊరంతా ఆక్రమించుకున్నారు.

విషయానికొస్తాను. మొన్న ఆదివారం రాత్రి మా ఇంట్లో అయిదుగురం కూర్చుని 'హెల్ ఆర్ హై వాటర్' చూశాం. 2016లో వచ్చిన సినిమా, డేవిడ్ మెకంజీ తీశాడు, టేలర్ షెరిడన్ రాశాడు. కథ జరిగేది పశ్చిమ టెక్సాస్‌లో. దుకాణాలు మూతపడి, గోడల మీద రంగు వెలిసిపోయి, అప్పులిస్తామనే బోర్డులు మాత్రం కొత్తగా మెరిసే చిన్న ఊళ్లు. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు. తల్లి పోయింది. బతికున్న రోజుల్లో ఆమె భూమిని ఒక బ్యాంకు రివర్స్ మార్ట్‌గేజి (బతికుండగా ఆస్తి మీద డబ్బిచ్చి, తర్వాత వసూలు చేసుకునే తాకట్టు అప్పు) కింద పెట్టుకుని, చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టింది. గడువులోగా తీర్చకపోతే భూమి బ్యాంకుది. తీరా చూస్తే భూమి కింద చమురు పడింది. అన్నదమ్ములేం చేశారంటే, అదే బ్యాంకు శాఖలను ఒక్కొక్కటిగా దోచి, ఆ డబ్బుతోనే ఆ బ్యాంకు అప్పు తీర్చడం మొదలుపెట్టారు.

ఆ దోపిడీలు చూస్తున్నంతసేపూ నేను కుర్చీ అంచున కూర్చున్నాను, అది వృత్తి వల్ల అబ్బిన రోగం. నోట్ల కట్టలు వద్దన్నారు, సొరుగులోని విడి నోట్లు చాలన్నారు. కట్ట దొరికితే దాని వెనకే పోలీసూ దొరుకుతాడని తెలిసిన దొంగలు! మొదటి బ్యాంకులోనైతే పొద్దున్నే వెళ్లి, తాళాలు మేనేజరు దగ్గర ఉన్నాయని తెలిసి, ఆయన వచ్చేదాకా తుపాకులు పట్టుకుని కాచుకున్నారు. తుపాకి ఉన్నవాడయినా సరే, బ్యాంకులో పని కావాలంటే మేనేజరు రావలసిందే. ఇంత నిజమైన దృశ్యం నేను ఏ సినిమాలోనూ చూడలేదు. ఆ తర్వాత ఆ నోట్లను ఓక్లహోమా జూదశాలలో బిళ్లలుగా మార్చి, బిళ్లలను మళ్లీ చెక్కుగా, అదీ ఆ బ్యాంకు పేరు మీదే రాయించుకున్నారు. సర్వీసులో ఉండగా నా దగ్గరికి అలాంటి చెక్కు వస్తే ముద్ర వేసి లోపలికి పంపేవాణ్ణేనని తలచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సినిమా అయిపోయింది. పేర్లు పడుతున్నాయి. మా ఆవిడ మేనల్లుడి బొటనవేలు అప్పటికే ఫోను మీద ఆడింది. నిజం చెప్పాలంటే సినిమా అయ్యేదాకా కూడా ఆగలేదు, అతను ఫోను తీసింది ఆఖరి దృశ్యంలోనే. రెండుంపావు వేశాడు. "నిదానం మామయ్యా. పగ సినిమా అన్నారు, చివర్లో ఇద్దరూ వరండాలో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు."

ఆ పావు సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ వరండా.

ఆ అన్నదమ్ములను వెంటాడేది ఒక టెక్సాస్ రేంజరు, అంటే అక్కడి రాష్ట్ర పోలీసు అధికారి. జెఫ్ బ్రిడ్జెస్ వేసిన ఆ రేంజరు పేరు మార్కస్ హామిల్టన్. పదవీ విరమణకు రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషి, ఆ లెక్క నాకు బాగా తెలుసు. తనతో పాటు తిరిగిన ఆల్బెర్టో పార్కర్‌ను అన్నదమ్ముల్లో పెద్దవాడు గుట్ట మీద నుంచి కాల్చి చంపాడు, పెద్దవాణ్ణి ఈయన కాల్చి చంపాడు. మిగిలింది తమ్ముడు. పథకమంతా అతనిదేనని ఈయనకు తెలుసు. సాక్ష్యం లేదు. పైగా చమురు డబ్బు జమయ్యే ట్రస్టును తమ్ముడు దోపిడీకి గురైన ఆ బ్యాంకు చేతుల్లోనే పెట్టాడు. అంత పెద్ద ఖాతా పోగొట్టుకునే బ్యాంకు భూమ్మీద ఉందా? దర్యాప్తుకు సహకరించమంటే నోరు మెదపలేదు. ఇంతకన్నా పెద్ద పగ ఏ సినిమాలో ఉంది, నక్షత్రం గారూ? తుపాకీతో తీరేది కాదిది, నామినీ ఫారంతో తీరేది. అయితే అది మీ కొలమానానికి అందదు, ఎందుకంటే సంతకం పెడితే చప్పుడు రాదు.

రిటైరైన రేంజరు ఆ ఇంటికి వస్తాడు. తమ్ముడి దగ్గర రైఫిలుంది, ఈయన దగ్గరా తుపాకి ఉంది. ఇద్దరూ మాట్లాడుకుంటారు. అంతలో పిల్లలు, వాళ్ల అమ్మ కారులో దిగుతారు. అంతలో పిల్లలు, వాళ్ల అమ్మ కారులో దిగుతారు. ఒక్క గుండు పేలదు. మా మేనల్లుడి ఫిర్యాదు అదే. పేలని గుండుకు మీ దగ్గర రేటు లేదు.

ఎదురింటి మాస్టారు గారు ఒక్క నక్షత్రమే వేశారు, దొంగలను మంచివాళ్లుగా చూపిస్తే పిల్లలు ఏమైపోతారని ఆయన భయం. మాస్టారు గారి పిల్లలిద్దరూ యాభై దాటినవాళ్లు. మా బావమరిది బాధ వేరు. 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు'లో రాజస్థాన్ ఎడారిలో కృష్ణ గుర్రమెక్కి దూకిన నాటి నుంచి అతనికి కౌబాయ్ అంటే గుర్రం, టోపీ, దుమ్ము. "గుర్రాలేవి బావా?" అని సినిమా అంతా అడుగుతూనే ఉన్నాడు. ఒకచోట గడ్డి తగలబడుతుంటే పశువులను రోడ్డు దాటిస్తున్న కౌబాయ్ ఒకడు కనిపిస్తాడు, ఇరవై ఒకటో శతాబ్దంలో ఈ పని చేస్తున్నాను, నా పిల్లలు ఈ పనిలోకి రామంటే అనరా మరి అని గొణుక్కుంటాడు. గుర్రం కావాలన్నవాడికి గుర్రం మీది మనిషే జవాబు చెప్పాడు, బావమరిది మాత్రం అప్పుడు వంటింట్లో జంతికలు వెతుక్కుంటున్నాడు.

పార్కర్ మాట కూడా ఎవరికీ పట్టలేదు. అతను సగం కమాంచీ, అంటే అక్కడి ఆదివాసీ తెగవాడు. ఒక ఊళ్లో బ్యాంకు ఎదురుగా కూర్చుని, నూట యాభై ఏళ్ల కిందట ఈ నేలంతా మా పూర్వీకులది, వీళ్ల తాతలు వచ్చి లాక్కున్నారు, ఇప్పుడు వీళ్ల దగ్గర నుంచి అదిగో వాళ్లు లాక్కుంటున్నారు అని బ్యాంకు వైపు చూపిస్తాడు. నా గొంతులో కాఫీ అడ్డం పడింది. ఆ వేలు నా పాత కౌంటరు వైపే చూపించినట్టు అనిపించింది. దీనికి ఎన్ని నక్షత్రాలు వేయాలో మీరే సెలవియ్యండి, నేను లెక్కల మనిషినే అయినా నాకు తేలలేదు.

ఇక మీ వంశం సంగతి. 1928లో న్యూయార్క్ డైలీ న్యూస్ పత్రికలో ఐరీన్ థైరర్ సినిమాలకు మిమ్మల్ని అతికించినప్పుడు మీరు మూడంటే మూడు. మూడు వస్తే అద్భుతం. ఇప్పుడు అయిదు, మూడు వస్తే పరామర్శకు మనుషులు వస్తున్నారు. రూపాయి విలువ పడిపోవడం నా కళ్లతో చూశాను కాబట్టి దీనికి ఆశ్చర్యపోలేదు. 25 పైసల నాణెం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయినప్పుడు మాత్రం కాస్త దిగులుపడ్డాను, ఆ పావలాలన్నీ ఎటుపోయాయా అని. ఇప్పుడు తెలిసింది, అన్నీ మీ దగ్గరికే వచ్చాయి. మన తెలుగు సమీక్షల్లో 2.25, 2.75, 3.25. ఆ పావు దేనికి ఇస్తారు, దేనికి కోస్తారు, ఏ రిజిస్టరులో రాస్తారు? మా మేనల్లుణ్ణి అడిగితే, పావు నక్షత్రం ఆ వెయిట్రెస్ ముసలమ్మకు అన్నాడు.

అక్కడ మాత్రం పిల్లవాడితో ఏకీభవిస్తాను. ఆ హోటల్లో ఆవిడ వచ్చి, ఏం కావాలని అడగదు, ఏది వద్దో చెప్పమంటుంది. నలభై నాలుగేళ్లుగా ఆ హోటలుకు వచ్చినవాళ్లందరూ టీ బోన్ స్టేకు (ఎముకతో కాల్చిన గొడ్డు మాంసం), కాల్చిన బంగాళదుంపే తిన్నారట. న్యూయార్క్ నుంచి వచ్చిన ఒకడు మాత్రం చేప అడిగాడు, అది ఆవిడకు ఇంకా జ్ఞాపకమే. మా ఆవిడ సినిమా మొత్తంలో గట్టిగా నవ్వింది ఇక్కడే. "మీ బ్యాంకులో ఇలాంటి ఆవిడ ఒకరుండేవారు కదూ?" అంది. ఉండేవారు. పేరు చెప్పను.

ఒకప్పుడు నక్షత్రమంటే ఛాతీ మీద ఉండేది. టెక్సాస్ రేంజర్ల బిళ్లలో చక్రం, మధ్యలో నక్షత్రం. దాన్ని మెక్సికో వెండి అయిదు పెసోల నాణెంతో చేస్తారు. 1952లో 'హై నూన్' చివర్లో మార్షలు, అంటే ఊరి పోలీసు అధికారి, వేషం వేసిన గ్యారీ కూపర్ తన నక్షత్రాన్ని పీకి దుమ్ములో పడేశాడు. ఆ సినిమా హాలీవుడ్‌లో కొందరికి ఒళ్లు మండించింది. కౌబాయ్ సినిమాల నటుడు జాన్ వేన్‌కు, దర్శకుడు హోవర్డ్ హాక్స్‌కు అసలు నచ్చలేదు. మార్షలు ఊరంతా తిరిగి సాయం అడుక్కోవడమేమిటని హాక్స్ అభ్యంతరం. ఏం చేశారు? 1959లో ఇద్దరూ కలిసి 'రియో బ్రావో' తీసి జవాబు చెప్పారు. నచ్చలేదని చెప్పడానికి ఏడేళ్లు, ఒక పూర్తి సినిమా! కూపర్ పడేసిన ఆ నక్షత్రం ఎలా దొర్లుకుంటూ వచ్చిందో గానీ ఇప్పుడు మా సోఫాలో పడింది. నలుగురం నాలుగు బిళ్లలు తగిలించుకుని, జంతికల పళ్లెం ముందు తీర్పులు చెబుతున్నాం. 2017లో నెట్‌ఫ్లిక్స్ మిమ్మల్ని కొలువులోంచి తీసేసి బొటనవేలిని పెట్టుకుంది. ఏకలవ్యుడి తర్వాత బొటనవేలికి మళ్లీ ఇప్పుడే గిరాకీ.

ఇంత రాసిన నేను మాత్రం తక్కువవాణ్ణా? కొన్నేళ్ల కిందట ఈ సినిమాను మొదటిసారి చూసినప్పుడు నేను వేసింది మూడున్నర. కోసిన ఒకటిన్నరలో ఒకటి, కింద పడే అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని. మిగతా అర, ఆ రోజు మధ్యలో కరెంటు పోయిందని.

మొన్న గురువారం మేనల్లుడు ఫోను చేశాడు. క్షేమసమాచారాలేమీ లేవు. "మామయ్యా, ఆ రేంజరు మళ్లీ వస్తాడంటారా?" అని అడిగాడు. వస్తాడన్నాను. మా ఆవిడ రాడంది. ఇరవై నిమిషాలు వాదించుకున్నారు, ఫోను నా చేతికి తిరిగి రాలేదు.

కాబట్టి నా విన్నపం ఏమనగా, మా బ్యాంకులో తప్పుడు ఎంట్రీ పడితే దానికి ఎదురు ఎంట్రీ వేసి, పక్కన ఎర్ర సిరాతో రాసి, మేనేజరు సంతకం తీసుకునేవాళ్లం. నా మూడున్నర, మా మేనల్లుడి రెండుంపావు సరిదిద్దుకోవాలి. దానికి ఏ ఫారం నింపాలో, మీ మేనేజరు ఎన్నింటికి వస్తాడో తెలియజేయగలరు. ఆయన వచ్చేదాకా కాచుకుంటాం.

ఇట్లు,
ఒక విశ్రాంత క్యాషియరు