కిరాయి కట్టగలరు, అడ్వాన్సు కట్టలేరు

హైదరాబాద్‌లో నెలకు 15 వేలు తెచ్చుకునే సెక్యూరిటీ గార్డుకు 6 వేల కిరాయి గది భారమే. అయినా ఎలాగోలా నెట్టుకొస్తాడు. ఆ గదిలో చాప పరవాలంటే మాత్రం రెండు నెలల అడ్వాన్సు 12 వేలు, మొదటి నెల కిరాయి 6 వేలు, మధ్యలో బ్రోకరుంటే మరో 3 వేలు కావాలి. వెరసి 21 వేలు, అదీ ఒకేసారి. చేతిలో పని ఉండి కూడా ఫుట్‌పాత్ మీదికో బస్టాండుకో చేరేవాళ్లలో చాలామంది ఈ మొదటిరోజు లెక్క దగ్గరే ఆగిపోతున్నారు. మన గృహ విధానాల్లో దీనికి పద్దే లేదు.

ఉన్న పద్దుల్లో ఎక్కువ భాగం సొంతింటికే. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన డబుల్ బెడ్‌రూం సముదాయంలో 15,660 ఇళ్లున్నాయి. అంత పెద్ద సముదాయం కట్టడం చిన్న పనేం కాదు. అయితే అది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉంది. అడ్డా కూలీ పొద్దున ఏడింటికల్లా నగరంలోని తన అడ్డా మీద నిలబడాలి. తొమ్మిది దాటితే పిలిచే మేస్త్రీ ఉండడు, ఆ రోజు కూలి పోయినట్టే. దూరం కిలోమీటర్లలో కాదు, ఇలా పోయే కూలిలో లెక్కకొస్తుంది.

ఊరి చివర గది 1,500 తక్కువకు దొరికిందని సంబరపడే ముందు ఈ లెక్క కూడా వేసుకోవాలి. పోను రాను రోజుకు 80 రూపాయలైతే 26 పనిదినాలకు 2,080. మిగిలిందేమీ లేకపోగా ఎదురు 580 పోయింది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి ఒకే ఇంట్లో భార్యకు గిట్టుబాటయ్యే దూరం భర్తకు గిట్టకపోవచ్చు. మగవాళ్లకు ఎంఎంటీఎస్ లోకల్ రైలు లైను వెంబడి వెతకడం మేలు, టికెట్ 5 రూపాయల నుంచే మొదలవుతుంది. హైటెక్ సిటీలో హౌస్‌కీపింగ్ చేసేవాళ్లకు ఒకవైపు బోరబండ, భరత్‌నగర్, ఇంకోవైపు హఫీజ్‌పేట ఒకటి రెండు స్టేషన్ల దూరం. రాత్రి షిఫ్టు వాళ్లకు మాత్రం ఆ రైళ్లు అక్కరకు రావు. వాళ్లు నడిచివెళ్లే దూరంలోనే చూసుకోవాలి.

అంత చౌక గదులు యాప్‌లలో దాదాపు కనిపించవు. కిరాణా కొట్టు, పాల బూతు, ఇస్త్రీ బండి దగ్గర అడగాలి. ఏ ఇంట్లో ఎవరు ఖాళీ చేస్తున్నారో టులెట్ బోర్డు పడకముందే ఇస్త్రీ బండి ఆయనకు తెలుస్తుంది. సాయంత్రం పూట వెళ్తే ఇంటి ఓనరు దొరుకుతాడు, నీళ్లు వస్తున్నాయో లేదో కూడా కనబడుతుంది. బాత్రూం ఎన్ని పోర్షన్లకు కలిపి? కరెంటుకు సబ్‌మీటరా, యూనిట్‌కు ఎంత? రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు? గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు అర్హులైన కిరాయిదారులకూ వర్తిస్తుంది. బిల్లు సున్నా వస్తున్నా కరెంటు డబ్బు వసూలు చేసే ఓనర్లు లేకపోలేదు. ఇక గది చూడకముందే యూపీఐలో టోకెన్ అడ్వాన్సు పంపమన్నారంటే నూటికి తొంభై పాళ్లు మోసమే. పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ‘మీరేమిటోళ్లు?’, ‘బ్యాచిలర్లా?’, ‘నాన్‌వెజ్ వండుతారా?’ లాంటి ప్రశ్నల వడపోత డబ్బున్నవాడినీ వదలదు, లేనివాడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంకా గదిలోనే ఉండి, వచ్చే నెల కిరాయి కట్టలేమని తెలిసినవాళ్లకు ఒక దారి ఉంది. ఓనరు దగ్గరున్న అడ్వాన్సులోంచే ఆఖరి రెండు నెలల కిరాయి పట్టుకోమని వాట్సాప్‌లో రాసి, ఒప్పుకున్నట్టు జవాబు తీసుకోవాలి. నోటిమాటగా అనుకుంటే సున్నం, పెయింటింగ్ ఖర్చుల కింద మళ్లీ కోత పడుతుంది. దొరికిన ఆ రెండు నెలలూ కొత్త చోటు అడ్వాన్సు కూడబెట్టడానికే. ఉన్నపళంగా సామాన్లు బయట పడేసే హక్కు ఓనరుకు లేదు. కిరాయి బాకీ ఉన్నా కోర్టు ఉత్తర్వు ద్వారానే ఖాళీ చేయించాలి.

గది పోయిందంటే తర్వాతి మెట్టు హాస్టల్ బెడ్డు. నలుగురైదుగురు ఉండే షేరింగ్ గదిలో తిండితో కలిపి ఇచ్చే పీజీలు అమీర్‌పేట, మాదాపూర్ చుట్టుపక్కల కొల్లలు. అక్కడా అడ్వాన్సు ఉంటుంది కానీ చిన్నది. నెల ముందు చెప్పకుండా వెళ్తే అది పోతుంది, చెప్పి వెళ్లినా మెయింటెనెన్స్ పేరుతో కొంత కోస్తారు. నెల మధ్యలో బెడ్లు ఖాళీగా ఉన్నప్పుడు వారానికింత అని బేరమాడితే ఒప్పుకునేవాళ్లున్నారు. ఇంట్లోంచి గెంటేసిన ఆడవాళ్లు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రంలో కొద్దిరోజులు తలదాచుకోవచ్చు.

ఆ తర్వాత మిగిలేవి నైట్ షెల్టర్లు. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా, 24 గంటలూ నడవాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల్లో జీహెచ్‌ఎంసీ జనాభా 67 లక్షలు, అంటే 67 షెల్టర్లు ఉండాలి. ఉన్నవి ఆ దరిదాపుల్లో లేవు. మనిషికి 50 చదరపు అడుగులు, స్టేషన్లకు, మార్కెట్లకు, పనిచోట్లకు దగ్గరగా ఉండాలని 2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలూ చెప్పాయి. ఆచరణలో దెబ్బతీసేది వేళలే. రాత్రి డ్యూటీ చేసి పొద్దున వచ్చినవాడికి పగలు పడుకునే చోటుండాలి, టూల్స్ సంచికి తాళం వేసుకునే లాకరుండాలి, ఫోన్ చార్జింగ్‌కు ప్లగ్గుండాలి. తాపీ, మట్టం పోయిన మేస్త్రీ మర్నాడు పనిలోకి పోలేడు. షెల్టర్లో చేరేవాళ్లు ఒక పని మరిచిపోకూడదు. గుర్తింపు పొందిన షెల్టర్ హోమ్ అధిపతి ఇచ్చే ధ్రువపత్రం ఆధార్‌లో చిరునామాకు చెల్లుతుంది, అయితే జారీ అయిన మూడు నెలల్లోపే వాడుకోవాలి.

పని ఇచ్చినవాడే చోటిస్తే బాగుంటుంది కదా అనిపిస్తుంది. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం 34వ సెక్షన్ సైట్ దగ్గరే ఉచితంగా తాత్కాలిక వసతి, వంటకు, స్నానానికి, మరుగుదొడ్డికి వేరువేరుగా చోటు ఇవ్వాలని రాసింది. దాని పేరుతో కట్టిన రేకుల షెడ్లు ఎలా ఉంటాయో నగరంలో ఏ పెద్ద సైట్ వెనక్కి వెళ్లినా కనిపిస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో వాచ్‌మన్ గదికీ కిరాయి ఉండదు. బదులుగా భర్త గేటు దగ్గర, భార్య మెట్లు కడుగుతూ, పిల్లలు ఫ్లాట్లవాళ్లకు పాల ప్యాకెట్లు తెస్తూ ఉండాలి. జీతం మాత్రం ఒక్కరికే. ఇలాంటి వసతిలో అసలు ప్రమాదం ఏమిటంటే, పని పోయిన సాయంత్రమే పడక కూడా పోతుంది. ఎంత తిట్టినా పడి ఉండటానికి సగం కారణం ఇదే.

అందుకే పనికీ పడకకూ ముడి విప్పి, మొదటిరోజు 21 వేల అడ్డంకిని తగ్గించే ఏర్పాటు కావాలి. డబ్బు లేదనడానికి లేదు. నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు వస్తోంది. బోర్డే ఓనరుకు అడ్వాన్సు కట్టి, కార్మికుడి నుంచి నెలకు 1,000 చొప్పున ఏడాదిలో రాబట్టుకోవచ్చు. బోర్డులో పేరుండాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపాలి, రోజుకో మేస్త్రీ దగ్గర చేసే అడ్డా కూలీకి ఆ కాగితం ఇచ్చే దిక్కుండదు. ఆ షరతు సడలించకపోతే అవసరం ఉన్నవాళ్లే బయట మిగులుతారు. వసూలు బాధ్యత కాంట్రాక్టరుకు అప్పజెప్పడం మాత్రం అసలే వద్దు. అప్పు చూపించి మనిషిని సైట్‌కు కట్టేయడం పాలమూరు వలస కూలీలు తరాలుగా చూసిందే.