మోకాలు అరిగితే తప్పు వయసుదేనా?

టైల్స్ పరిచే మేస్త్రి రోజులో సగానికి పైగా మోకాళ్ల మీదే ఉంటాడు. నలభై దాటకముందే అతను మెట్లెక్కడానికి గోడ పట్టుకుంటుంటే, వయసు మీద పడుతోంది కదా అని చుట్టుపక్కల వాళ్లు సర్దిచెబుతారు. అదే వయసున్న గుమాస్తా మాత్రం హాయిగా మెట్లెక్కుతుంటాడు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు.

మన కీళ్లలోని మృదులాస్థికి, అంటే అందరూ గుజ్జు అని పిలిచే దానికి, రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడు చుట్టూ ఉన్న ద్రవం లోపలికి ఇంకడమే దానికి తిండి. గంటల తరబడి ఒకే భంగిమలో గొంతుక్కూర్చుంటే ఆ తిండి సరిగా అందదు, పైగా ఒత్తిడి అంతా ఒకేచోట పడుతుంది. అందుకే మధ్యాహ్నం ఒక్కసారి దొరికే పెద్ద విరామం చాలదు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయనివ్వాలి. ముక్కకు ఇంత అని కూలి కట్టే చోట లేచినవాడికి ఆ మేరకు కూలి తగ్గుతుంది. మరి ఎవరు లేస్తారు?

బరువుల సంగతీ ఇంతే. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కగట్టింది. దాని సూత్రం ప్రకారం బరువు ఒంటికి 25 సెంటీమీటర్ల దూరంలో కాకుండా 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఆ హద్దు సగానికి, అంటే పదకొండున్నర కిలోలకు పడిపోతుంది. 50 కిలోల బస్తాను లారీ మూల నుంచి చేతులు చాచి లాగే హమాలీని తలుచుకుంటే గుండె చివుక్కుమంటుంది. అలాంటివారికి మనం చెప్పేదేమిటి? నడుం వంచకు, మోకాళ్లు వంచి ఎత్తు అని. ఎత్తే పద్ధతి నేర్పినంత మాత్రాన నడుము నొప్పులు తగ్గుతాయని పరిశోధనల్లో తేలలేదు. మోకాళ్లు ముందే పాడైనవారికి ఆ సలహా ఇంకో కష్టం.

కార్మికుల అలవాట్లు మారాలనేవారు ముందు పనిచోటును చూడాలని మేము కోరుతున్నాం. బస్తా సైజు తగ్గించాలి. నేల మీద చేసే పనిలో వీలైనంత నడుము ఎత్తుకు బల్ల మీదికి తేవాలి. మోకాళ్లకు కట్టుకునే ప్యాడ్లు యజమానే కొనివ్వాలి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు.

వైద్యుల వంతూ ఉంది. రోగిని అతని వృత్తి ఏమిటో కూడా అడగాలని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని 1700లోనే చెప్పాడు. ఇప్పటికీ చాలాచోట్ల ఆ ప్రశ్న లేకుండానే నొప్పి మాత్రలు రాసిస్తున్నారు.

ఎక్కువ మోకాళ్ల మీద పనిచేయడం వల్ల వచ్చే వాపునూ, మోకాలి కీలు లోపల ఎముకల మధ్య దిండులా ఉండే మెనిస్కస్ అనే పొర దెబ్బతినడాన్నీ అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. అయినా పరిహారం అడగబోతే ప్రమాదం ఏ తేదీన జరిగిందంటారు. పదిహేనేళ్లుగా అరుగుతూ వచ్చిన మోకాలికి తేదీ ఉండదు. పనిచేసిన ఏళ్లనీ, చేసిన పనినీ రుజువుగా ఒప్పుకునేలా పరిహారం దరఖాస్తు ఫారాన్ని మార్చాలి.