జనవరి 15 నాటికి గింజ ఎవరి దగ్గరుంటే వాళ్ళకే డబ్బు

మా ఊరి వాట్సాప్ గ్రూపులో మళ్ళీ అదే లొల్లి, కరోనా టైమ్‌లో అమెరికా వాళ్ళు రైతుల మీద డాలర్లు కురిపించారు మనోళ్ళు పీఎం కిసాన్ రెండు వేలు ముందుగా వేసి చేతులు దులుపుకున్నారు అని. కురిపించింది నిజమే, కాకపోతే ఎవరి పొలంలో కురిసిందో చూసినదాన్ని కాబట్టి చెప్తున్నా. నేను అమెరికాలో, అయోవా రాష్ట్రంలో ఓ పల్లెటూరి కౌంటీలో ట్యాక్స్ ఆఫీసులో పని చేస్తా, మా క్లయింట్లలో సగం పైన మొక్కజొన్న, సోయా, పందుల వాళ్ళే.

2020 మార్చి తర్వాత ఎవరూ కార్లు తియ్యలేదు, పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ అడిగేవాడు లేడు, దాంతో మొక్కజొన్న రేటు పడిపోయింది. మాంసం ప్లాంట్లు మూతబడి పందుల్ని కొనేవాడు లేక చంపి పాతిపెట్టారు. ఏప్రిల్‌లో రైతులకి నేరుగా 16 బిలియన్ డాలర్లు ఇస్తామన్నారు, ఆ స్కీమ్‌ని సీఫ్యాప్ అంటారు.

ఇక లెక్క చూడండి. మొక్కజొన్నకి బుషెల్‌కి (పాతిక కిలోల పైచిలుకు) 33.5 సెంట్లు. కానీ ఎన్ని బుషెల్స్‌కి? 2019 పంటలో సగం, లేదా 2020 జనవరి 15 నాటికి ఇంకా రేటు కుదుర్చుకోకుండా చేతిలో ఉన్న సరుకు, ఏది తక్కువైతే దానికి. చదవడానికి న్యాయంగానే ఉంది కదా, అమ్మేసినోడికి నష్టం లేదు సరుకు చేతిలో ఉన్నోడికే నష్టం అని. మరి జనవరి దాకా గింజ ఆపుకునేది ఎవరండీ? మేడంత రేకుల బిన్లు ఉన్నోళ్ళు, బ్యాంకు వాయిదాకి తొందర లేనోళ్ళు. మా క్లయింట్ ఒకాయన, పేరు చెప్తే నా ఉద్యోగం పోతుంది, అప్పు కట్టాలని నవంబర్‌లోనే మొత్తం తోలేశాడు. మొదటి విడతలో ఆయనకి సున్నా. మిర్చి కోసిన వారానికే షావుకారి బాకీ కింద యార్డుకి తోలేసే మా నాన్నే గుర్తొచ్చాడు, కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం చూసేది ఎప్పుడూ వేరేవాళ్ళే.

పైన లిమిట్ ఉందిలే, మనిషికి రెండున్నర లక్షల డాలర్లు. కంపెనీగా ఉంటే, ముగ్గురు వాటాదారులు తలా 400 గంటలు పనో అజమాయిషీనో చేశామని చూపిస్తే ఏడున్నర లక్షలు. మా ఆఫీసు కౌంటర్ దగ్గర కూర్చుని, నిరుద్యోగులకి ప్రభుత్వం వారానికి 600 డాలర్లు ఇస్తే జనం సోమరిపోతులైపోతారని మాకు క్లాసులు పీకిన పెద్దమనుషులూ ఉన్నారు, వాళ్ళ ఫైళ్ళు నా టేబుల్ మీదే ఉన్నాయి, నవ్వాపుకోవడం నా వల్ల కాలేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఇక్కడ పంట రిస్క్ ఎవరిదో డబ్బు వాళ్ళది. పొలం నగదు కౌలుకిచ్చి ఎక్కడో ఫ్లోరిడాలో కూర్చున్న ఓనర్‌కి సీఫ్యాప్‌లో పైసా రాదు. మరి అప్పట్లో మన తెలంగాణలో ఉన్న రైతుబంధు? పాస్‌బుక్కు ఎవరి పేరుంటే వాళ్ళకి, ఎకరానికి సీజన్‌కి 5,000 ఇచ్చేవాళ్ళు, ఎన్ని ఎకరాలున్నా సరే. మా నాన్న పన్నెండేళ్ళుగా కౌలు చేసే ఆ నాలుగెకరాల డబ్బు హైదరాబాద్‌లో ఉన్న ఓనర్ ఫోన్‌లో టింగుమనేది. కరోనా ఏడూ అంతే. ఆంధ్రాలో కౌలు కార్డులిస్తామన్నారు, దానికీ ఓనర్ సంతకం కావాలన్నారు, ఎవడు పెడతాడు చెప్పండి?

సెప్టెంబర్‌లో రెండో విడతకి రూల్ మార్చారు, మొక్కజొన్నకి గింజ నిల్వ కాకుండా ఎకరాల లెక్క తీసుకున్నారు. నవంబర్‌లో అమ్మేసుకున్న మా క్లయింట్‌కి అప్పుడు కాస్త వచ్చింది. మరుసటేడు ట్యాక్స్ సీజన్‌లో ఆ డబ్బు లెక్క ఉన్న ఫారం నా ముందు పెట్టి, కరోనా సాయంగా ఇంటికొచ్చిన 1,200 డాలర్ల చెక్కు మీద ట్యాక్స్ లేదన్నావుగా, దీని మీద కూడా లేదా అని అడిగాడు. ఉందండీ, ఇది వ్యవసాయ ఆదాయం కిందకే వస్తది అన్నా. టోపీ తీసి బల్ల మీద పెట్టి, పెన్ను ఇటివ్వమన్నాడు.