సంతకం నేర్పాం, చదవడం నేర్పలేదు

పాలమూరు (మహబూబ్‌నగర్) ఊళ్లలో ఏ మహిళా సంఘం తీర్మానాల పుస్తకం తెరిచినా ఇప్పుడు వేలిముద్రల కంటే సంతకాలే ఎక్కువ కనిపిస్తాయి. పైన రాసిన తీర్మానం చదివి వినిపించమంటే మాత్రం చాలామంది పక్కనున్న వాళ్ల వైపు చూస్తారు. వాళ్లకు వచ్చింది పేరు గీయడం ఒక్కటే. నా దృష్టిలో ఇది వేలిముద్ర కంటే ప్రమాదం. నిశాని వేసేవాళ్లకు ఎవరో ఒకరు కాగితం చదివి చెప్తారు. సంతకం పెట్టినవాళ్లను 'చదువుకునే పెట్టావు కదా' అంటారు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని జిల్లాల కంటే తక్కువ. ఆడవాళ్లలో 45 శాతం కూడా లేదు. నల్లగొండ 64 దగ్గర ఉంది. ఈ లెక్కలో బడికి పోయే పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లను తీసేస్తే పెద్దవాళ్ల సంగతి ఇంకా అన్యాయం.

దీని వెనక వలస ఉంది. వానల్లేక ముంబై, పుణెల్లో మట్టిపనికి పోయిన కుటుంబాలు పిల్లల్నీ వెంట తీసుకుపోయాయి. తల్లి తట్ట మోస్తుంటే పెద్దపిల్ల చంటిబిడ్డను ఎత్తుకునేది. ఆ పెద్దపిల్లలే ఇప్పుడు యాభై దాటిన అమ్మలు. పనికి తీసుకుపోయే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు లెక్క మేస్త్రీ పుస్తకంలోనే ఉంటుంది. సీజన్ అయ్యాక ఆయన ఎంత బాకీ అంటే అంత. బాకీ తీరదు, మళ్లీ వలస, మళ్లీ పిల్లల బడి బంద్. చదవడం రాకపోతే భూమి పాసుపుస్తకంలో పది గుంటలు తక్కువ పడినా, సర్కారు ఇచ్చే పెట్టుబడి డబ్బులు తగ్గినప్పుడు గానీ తెలియదు.

చదవడం వస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లే సారా దుకాణం మూయించారు. ఆ పాఠాలు వాళ్ల ఇంటి గోస గురించే ఉన్నాయి కాబట్టి అది జరిగింది.

తర్వాత పెద్దలకు చదువు చెప్పడానికి కేంద్రం తెచ్చిన సాక్షర భారత్ పథకం 2009లో మొదలై 2018 మార్చిలో ఆగిపోయింది. పంచాయతీకి ఇద్దరు సమన్వయకర్తలు, ఒక్కొక్కరికి నెలకు 2 వేల రూపాయలు. ఆ డబ్బుతో ఎవరు నిలబడతారు? దాని స్థానంలో 2022లో మొదలైన ఉల్లాస్ పథకం పూర్తిగా వాలంటీర్ల మీదే నడుస్తోంది. పగలంతా పత్తి ఏరి వచ్చిన మనిషిని రాత్రి పలక పట్టమంటే కష్టం. చేను పని తక్కువున్న ఎండాకాలం సాయంత్రాలు తరగతులు పెట్టాలి, చెప్పేవాళ్లకు జీతం ఇవ్వాలి. జాబ్ కార్డు, బ్యాంకు స్లిప్పు, మందుల చీటీ, ఫోన్లో వచ్చే ఓటీపీ మెసేజ్, ఇవి పాఠాలుగా ఉండాలి. మొదటి పాఠం మాత్రం వాళ్లు సంతకం పెట్టిన ఆ తీర్మానాల పుస్తకమే కావాలి.