చేపకు సున్నా, నాకు తొంభై

తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి కనుక క్యూలైన్ల గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇప్పుడు మా ఇంట్లో నీళ్లకు కూడా మూడు లైన్లున్నాయి. బోరు నీళ్లది సర్వదర్శనం: టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క, 900, స్నానాలకీ అంట్లకీ. వంటింటి ఆర్ఓది 300 రూపాయల టికెట్: టీడీఎస్ 90, మేము తాగడానికి. వీఐపీ బ్రేక్ మాత్రం హాల్లో ఉన్న నాలుగడుగుల చేపల గాజుతొట్టిది. దానికి సున్నా. మీటరు పొరపాటున ఒకటి చూపించినా ఆ రాత్రి మా బావమరిదికి టెన్షన్‌తో నిద్ర పట్టదు.

తొట్టి అతనిది, హాలు నాది. అతను ఉండేది అద్దె ఇంట్లో. 300 లీటర్లంటే నీళ్ల బరువే 300 కిలోలు, పై అంతస్తులో కుదరదని ఓనరు చెప్పేశాడట. నేను ఓనర్ని కాను, బావను. నాకు ఆ సౌకర్యం లేదు.

ఇంట్లో పగడపు దిబ్బ పెంచుతానని బావమరిది చెప్పినప్పుడు మా అమ్మ ముందు సంతోషించింది. ఆవిడ ఎరిగిన పగడం ఉంగరపు వేలికి పెట్టుకునేది, కుజుడి కోసం. తొట్టి దిగాక మాత్రం, "ఇంత పెద్ద శాంతా! ఎవురికి నాయనా దోషం?" అని అడిగింది.

అసలు కథ నీళ్ల మెషీను ఎంపిక దగ్గర మొదలైంది. పిల్లకు సంబంధం చూడ్డానికి కూడా మా ఇంట్లో ఇన్ని సిట్టింగులు జరగలేదు. కుళాయి నీళ్లు తెలుగుగంగవైనా, కల్యాణి డ్యామ్‌వైనా అందులో క్లోరిన్ ఉంటుంది, చేప మొప్పలకు పడదు. క్యాన్ నీళ్లు ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండవు. పోనీ, మా వంటింటి ఆర్ఓ? అది రుచి కోసం కొంత పచ్చినీటిని తిరిగి కలుపుతుంది, పైగా రాగి కార్ట్రిడ్జ్ ఉంది. రాగి చెంబులో నీళ్లు ఆరోగ్యమని మా అమ్మ నలభై ఏళ్లుగా తాగుతోంది. రొయ్యకు మాత్రం చిటికెడు రాగి చాలట, పోవడానికి. ఆ రోజు నుంచి మా అమ్మను చెంబుతో తొట్టి దగ్గరికి రానివ్వడం లేదు.

చివరికి నాలుగు గొట్టాల మెషీను గోడెక్కింది. మొదటిది మట్టిని పడుతుంది. రెండోది బొగ్గు, క్లోరిన్‌ను తినేస్తుంది. తినకపోతే మూడోదైన మెంబ్రేన్ పాడవుతుంది. మెంబ్రేన్ నూటికి 95 పాళ్లు తీసేసినా మా 900లో ఇంకా 45 మిగులుతుంది. దాని కోసం నాలుగో గొట్టంలో డీఐ రెజిన్, అంటే మిగిలిన లవణాలను పట్టేసే పూసలు. నీలంగా ఉండే ఆ పూసలు పని అయిపోతే గోధుమ రంగుకు తిరుగుతాయి. మన బోరు పుణ్యమా అని త్వరగానే తిరుగుతాయి. తిరిగినప్పుడల్లా డబ్బు.

ఇంత చేసి నీళ్లను సున్నాకు తెచ్చాక ఏం చేస్తారో దేశం తెలుసుకోవాలి. ఉప్పు కలుపుతారు. లీటరుకు 35 గ్రాములు, సముద్రంలో ఉన్నంత, అదీ చెన్నైలో పెంపుడు చేపల బజారైన కొళత్తూరు నుంచి తెచ్చిన బకెట్టులోంచి. మా ఆవిడ నెమ్మదిగా, "బోరు నీళ్లు ఎటూ ఉప్పగానే ఉన్నాయి కదరా, సగం పని అయినట్టే కదా?" అంది. తమ్ముడు అక్కను చూసిన చూపులో జాలి తప్ప ఏమీ లేదు. బోరు నీళ్లలో ఫాస్ఫేటు, సిలికేటు ఉంటే తొట్టిలో నాచు పెరుగుతుందంటూ అరగంట చెప్పాడు. అన్నీ నిజాలే, అదే నా బాధ.

లీటరు సున్నా నీళ్లకు మూడు లీటర్లు వృథాగా పోతాయి. వీధిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో ఉన్నప్పుడు మా పైపు సన్నగా కారుతూ ఉంటుంది. వృథా ఎందుకని అమ్మ వాటితో వాకిలి కడుగుతోంది. ఆరాక ముగ్గు వేయకముందే వాకిలి తెల్లగా ఉంటోంది.

ఇక పగడాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి రక్షణ ఉంది, పట్టడం అమ్మడం నేరం. ఈ సంగతి మెషీను బిగించాక తెలిసింది. కాబట్టి మా పగడపు దిబ్బలో పగడం లేదు. సిమెంటు రాళ్లు నాలుగు, క్లౌన్ చేపలు రెండు, రొయ్య ఒకటి. మెషీను మాత్రం పగడాల స్థాయిదే.

మొన్న మే ఎండలో చిత్తూరు నుంచి మామ వచ్చాడు. దాహంతో ఎదురుగా కనిపించిన కుళాయి తిప్పి గ్లాసు నింపుకున్నాడు. నోటిదాకా వెళ్లిన గ్లాసును బావమరిది పట్టుకున్నాడు.

"అవి చేపలవి మామా."

మామ ఒక్క మాటా అనకుండా 300 రూపాయల లైన్లోకి వచ్చేశాడు.