ఆలస్యం నాదైతే ట్రాఫిక్, నీదైతే నిర్లక్ష్యం

నేను ఆలస్యంగా వస్తే కారణం ట్రాఫిక్. నువ్వు ఆలస్యంగా వస్తే కారణం నీ బుద్ధి. సంసారాలన్నీ ఈ న్యాయసూత్రం మీదే నడుస్తున్నాయి. ఎదుటివారి పరిస్థితిని వదిలేసి స్వభావాన్ని పట్టుకునే ఈ అలవాటును మనస్తత్వవేత్త లీ రాస్ 1977లో 'మౌలిక ఆపాదన దోషం' అన్నారు. ఇంత ఉపయోగకరమైనదాన్ని పట్టుకుని దోషమేమిటో!

"బాస్ ఉండమన్నాడు" అన్న సంజాయిషీ ఇంట్లో ఎందుకు చెల్లదో కూడా శాస్త్రం చెప్పింది. 1967లో జోన్స్, హారిస్ అనే పరిశోధకులు కొందరికి క్యూబా నేత కాస్ట్రోను సమర్థిస్తూ రాసిన వ్యాసాలిచ్చారు. ఏ పక్షాన రాయాలో రచయితకు ముందే నిర్ణయించి ఇచ్చారని చెప్పినా, చదివినవాళ్లు అవి ఎంతో కొంత అతని సొంత అభిప్రాయాలేనని లెక్కేశారు. బాస్ మాటను మోసుకొచ్చినవాడికి ఇంట్లో ఏపాటి మర్యాద దక్కుతుందో ఊహించుకోవచ్చు.

ఇక ఇంటిపని. చెరో కాగితం తీసుకోండి. వంట, అంట్లు, బిల్లులు, పిల్లల చదువు, ఒక్కోదాంట్లో మీ వాటా ఎంత శాతమో విడివిడిగా రాయండి. పక్కవారి కాగితంలోకి తొంగిచూస్తే ప్రయోగం చెడుతుంది. తర్వాత ఒక్కో పనికీ ఇద్దరి అంకెలూ కూడండి. సాధారణంగా నూరు దాటుతుంది. మైకేల్ రాస్, సికోలీ అనే పరిశోధకులు 1979లో దంపతులను అడిగితే వచ్చిన ఫలితమూ ఇదే. ఆ మిగులు పని ఎవరింట్లో జరుగుతోందో దర్యాప్తు చేయాలి! ఎవరి చాకిరీ వారికి చప్పున గుర్తొస్తుంది, అవతలివారిది కళ్లెదుటే జరగదు కదా. చిత్రమేమిటంటే, గొడవలకు కారణమవడంలోనూ జనం తమ వాటా ఎక్కువే రాసుకున్నారు. ఈ సంగతి మాత్రం ఇంట్లో ఎత్తకండి, వెంటనే ఒప్పుకోలుగా నమోదవుతుంది.

గొడవ తప్పదంటే, దంపతుల మీద పరిశోధన చేసిన మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ లెక్క ఉంది: నిలిచే జంటల్లో ఒక చేదు మాటకు ఐదు మంచివి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పుట్టినరోజు కానుకలను ముందస్తు జమగా చూపించి ఏడాది పొడవునా తిట్టుకోవచ్చనుకుంటారు. కుదరదు. ఆ ఐదూ గొడవ సాగుతుండగానే పడాలి. శ్రద్ధగా వినడం, తలూపడం, "అదీ నిజమే" అనడం, మధ్యలో ఓ నవ్వు, అన్నీ లెక్కలోకొస్తాయి. ఫోన్ చూస్తూ "ఊఁ" అంటే రాదు. కళ్లు పైకి తిప్పడం, వెక్కిరింపు అయితే మామూలు చేదు కూడా కాదు, తిరస్కారం. విడాకుల సూచనల్లో దాన్నే అన్నిటికన్నా ప్రమాదకరమైనదిగా గాట్‌మన్ లెక్కగట్టారు.

"నువ్వు ఫీలయ్యుంటే సారీ" అన్నది ఈ ఐదింట్లోకి రాదు. దాన్ని ఖర్చు కింద రాసుకుని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి.