మా ఫ్రిజ్‌లోని థర్మోస్టాట్ గారికి

మహారాజశ్రీ థర్మోస్టాట్ గారికి విశాఖపట్నం నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నేను ఇంట్లో పులియబెడుతుంటే నిన్న మధ్యాహ్నం పేలిన అల్లం బీరు సీసా తప్ప. ఆ పూటంతా గాజు ముక్కలు ఏరడానికీ, గోడ మీది జిగురు కడగడానికీ సరిపోయింది.

అయ్యా, నేను అడిగినది 20 డిగ్రీలు. బీరును పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్ నింపాదిగా పని చేసుకోవడానికి అది చాలు. తమరి నాబ్ మీద 1 నుంచి 7 దాకా అంకెలున్నాయి, 3 మాత్రం పసుపు చేతులు తగిలి తగిలి అరిగిపోయింది. ఆ అంకెలు డిగ్రీలు కావు. మరేమిటో తమరు సెలవివ్వరు. 1 మీద పెట్టినా ఈస్ట్ ముసుగు తన్ని పడుకుంటుంది. ఇంకాస్త వెనక్కి తిప్పితే ‘టక్’మని మొత్తం ఆగిపోతుంది. బయట పెడితే 33 డిగ్రీల ఉక్క, పైగా పులిసేటప్పుడు ఈస్ట్ తన వేడి తానూ పుట్టిస్తుంది. ఇక సీసా పేలక ఏం చేస్తుంది? తమరికి తెలిసిన ఊళ్లు రెండే: లంబసింగి, మే నెల గాజువాక. మధ్యలో అరకు ఒకటుందని ఎవరూ చెప్పలేదా?

తడి గుడ్డ చుట్టి ఫ్యాను పెట్టమని పొడి ఊళ్లవాళ్ల సలహా. ఈ సముద్రపు గాలికి ఆరేసిన లుంగీయే ఆరదు, గుడ్డేం చల్లబరుస్తుంది! ‘రేపు తప్పకుండా వస్తాను సార్’ అన్న మెకానిక్ గురించి రాయను, కాగితం దండగ. బీరు కాస్తే ఎక్సైజ్ వాళ్లు వస్తారని అల్లంతో సరిపెట్టుకున్న బుద్ధిమంతుడికా ఈ శిక్ష?

తమరి వంశం సంగతి గుర్తుందా? వేసవి వేడికి బీరు చెడిపోతోందనే బవేరియాలో 1553లో ఎండాకాలం కాయడమే నిషేధించారు. ఆ బాధ తీర్చడానికే 1870లలో కార్ల్ ఫాన్ లిండే శీతల యంత్రాన్ని తయారు చేస్తే, మ్యూనిక్‌లోని స్పాటెన్ బ్రూవరీ తన దగ్గర దాన్ని పరీక్షించనిచ్చింది. బీరు పులియబెట్టడం కోసం పుట్టిన వంశంలో పుట్టి, నువ్వు చేస్తున్న పనేమిటి? కరివేపాకు గడ్డకట్టించడం! పెరుగు గిన్నెలో మంచు పలుకులు వేయడం! ఒక్క అంకె, ఒకే ఒక్క అంకె మీద నిలబడమంటే చేతకాదు గానీ ఏడు అంకెలు ఎందుకురా నీకు?

సరే. బయట బిగించే కంట్రోలర్ ఒకటి తెప్పించాను. దాని తీగ చివరి సెన్సర్‌ను సీసాకు టేపుతో అంటిస్తే, 20 దాటగానే నీకు కరెంటు ఇస్తుంది, దిగగానే తీసేస్తుంది. నిన్ను 7 మీద పెట్టి వదిలేయమని అందులోని కాగితంలో రాసి ఉంది. అంటే ఇక నిన్ను అడిగేవాళ్లే లేరు.

అన్నట్టు, 20 డిగ్రీల దగ్గర వంజరం ముక్కలు నిలవ ఉండవు. ఆ మాట మా ఆవిడకు నువ్వే చెప్పు.